నస్రీన్ మేడమ్ అడిగిన చేతిలెక్క

కంప్యూటర్ తెర మీద పచ్చ టిక్కులు వరుసగా వెలిగితే మా ఆఫీసులో అందరి ముఖాలూ విచ్చుకుంటాయి. టెస్టులన్నీ పాసయ్యాయని అర్థం. నాకు మాత్రం చెవులు వేడెక్కుతాయి. ఇవాళ పొద్దున కూడా అంతే. నస్రీన్ మేడమ్ గుర్తొచ్చి, టీ చల్లారిపోయేదాకా ఆ తెర వంకే చూస్తూ కూర్చున్నాను.

కరీంనగర్‌లో ఓ బట్టల దుకాణం పై అంతస్తులో పదిమందిమి పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు మాది. ఆమె అప్పట్లో మా టీమ్ లీడ్. సొంతూరు హుజూరాబాద్. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, కోపమొస్తే రెండూ బందు. రాసిన ప్రతి ముక్కకూ టెస్టు ఉండాలనేవారు. అంటే, ఆ కోడ్ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసే ఇంకో చిన్న కోడ్. అది రాసే ముందు జవాబు ఏం రావాలో కాగితం మీద చేత్తో తేల్చుకోవాలి. గోడకున్న క్యాలెండర్ దింపించి, పెన్సిల్ ఇచ్చి తేదీలు లెక్కపెట్టించేవారు. బీటెక్ చదివి ఒకటో తరగతి పిల్లల్లా వేళ్లు మడవడం మాకు మహా నామోషీ.

అప్పుడు ఒక డయాలసిస్ సెంటర్ కోసం రోగుల వంతులు వేసే ప్రోగ్రాం చేస్తున్నాం. వంతు రోజు సెంటర్ మూసి ఉంటే, ఆ పేరును మళ్లీ తెరిచే రోజుకు జరపాలి. ఆ జరిపే పని నా వాటాకు వచ్చింది. దాన్ని క్లాసు అనే ఒక పెద్ద కోడ్ పెట్టె లోపల, బయటి కోడ్‌కు అందకుండా రాశాను. మా భాషలో దాన్ని ప్రైవేట్ మెథడ్ అంటారు. అందని దానికి టెస్టు ఎట్లా రాయాలని మేడమ్‌ను అడిగాను.

"తాళం పలగ్గొట్టి లోపలికి పోకు. గా పనిని బయటికి తీసి చిన్న క్లాసు వేరే కట్టు. జర టైం పడ్తది, ఫికర్ లేదు" అన్నారు.

అది రెండు రోజుల పని. నాకేమో ఎక్కడలేని బద్ధకం. దాచిన మెథడ్‌ను దొడ్డిదారిన పిలిచే ఉపాయం ఒకటుంది. దాంతో దాన్ని నడిపి, అది ఏ తేదీ చెబితే ఆ తేదీనే సరైన జవాబుగా టెస్టులో అతికించాను. పిల్లవాడు రాసిన పేపరునే జవాబుల కీగా పెట్టుకుని దిద్దినట్టు. పాస్ కాక ఏమవుతుంది?

"రవీందర్, చేత్తోని లెక్క చేసినవా?"

"చేసిన మేడమ్."

కాగితం చూపించమనలేదు. సరేనని తలూపి వెళ్లిపోయారు.

ఆ ఏడు రంజాన్ శనివారం వచ్చింది. మర్నాడు ఆదివారం. రెండు రోజులూ సెంటర్ మూసే ఉంటుంది. నా కోడ్ శనివారం పేర్లను ఆదివారానికి నెట్టి చేతులు దులుపుకుంది. ఆ రోజు కూడా సెలవేనా అని చూడలేదు. సెలవు రోజుకు జాబితా వేయరు కాబట్టి నలుగురి పేర్లు ఏ రోజు జాబితాలోనూ లేకుండా పోయాయి. ముగ్గురు ఊళ్లోవాళ్లే, ఎట్లాగో సర్దుకున్నారు. నాలుగో మనిషి మంథని దగ్గర బీడీలు చుట్టే లచ్చవ్వ. సోమవారం బస్సెక్కి వస్తే, జాబితాలో పేరు లేదు, మంచాలు ఖాళీ లేవు, రేపు రమ్మన్నారట. తిరిగి వెళ్తూ బస్టాండులో ఊపిరాడక కూలబడింది. పెద్ద దవాఖానలో మూడు రోజులు ఉంచారు. బతికింది.

పండుగకు వచ్చిన చుట్టాలను ఇంట్లో వదిలేసి మేడమ్ నన్ను వెంటబెట్టుకుని సెంటర్‌కు వెళ్లారు. ఇది ఎవరు చేసిన పని అని లచ్చవ్వ బిడ్డ నిలదీసింది.

"నేనే చూసి పంపిన బిడ్డా. తప్పు నాదే" అన్నారు మేడమ్.

నేను పక్కనే ఉన్నాను. నోరు పెగల్లేదు అని రాయబోయాను, అదీ అబద్ధమే. నేనే పెగల్చుకోలేదు. సిగ్గులేకుండా ఆమె వెనక దాక్కున్నాను. ఆ తర్వాత ఆ మెథడ్‌ను విడదీసి వేరే క్లాసు కట్టాను. చేత్తో లెక్కలు కట్టి ఆ కాగితాలు ఆమె టేబుల్ మీద పెట్టాను. నిజం మాత్రం చెప్పలేదు. ఆరు నెలలకు భర్తకు బదిలీ అయ్యి ఆమె నిర్మల్ వెళ్లిపోయారు. వీడ్కోలు రోజున కూడా మిఠాయి తిని ఊరుకున్నాను.

మూడేళ్లయింది. ఇవాళ ఇక ఉండబట్టలేక ఫోన్ చేశాను. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేశాను. ఆమె చివరిదాకా విన్నారు.

"నాకు ఎరుకే రవీందర్. చేత్తోని చేసినోనికి ఆదివారం కనవడకుంట ఎట్లుంటది?"

మరి ఆ రోజు నా పేరెందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వే చెప్తవనుకున్న. పోయే దినం దాంక చూసిన."

ఏడుపొచ్చింది. ఆమె, లచ్చవ్వ ఇప్పుడెట్ల ఉన్నదని అడిగారు. ఈ మూడేళ్లూ మేడమ్ నన్ను ఏమనుకుంటారోనన్నదే నా బాధ. మంథని గంటన్నర దారి. ఒక్కసారైనా వెళ్లి ఆ మనిషిని చూసిన పాపాన పోలేదు. నోటిదాకా వచ్చిన మాట, "బాగనే ఉన్నది మేడమ్." దాన్ని బలవంతంగా మింగి, తెలియదని చెప్పాను.