మెహర్ సిస్టర్‌గారి గురువారం

ఈ ఉదయం క్లినిక్ తెరిచి లవంగాల సీసా మూత తీయగానే ఆ ఘాటు ముక్కుకు తగిలి ఒక్క క్షణం అలాగే నిలబడిపోయాను. గుడివాడలో నాది చిన్న ఫిజియోథెరపీ క్లినిక్. బల్ల మీద ఎప్పుడూ నాలుగు సీసాలు ఉంటాయి. లవంగాలు, నిమ్మతొక్క, కాఫీపొడి, నీలగిరి తైలం. కరోనా తగ్గి ఏళ్ళు గడిచినా వాసన పూర్తిగా తిరిగిరాని వాళ్ళు ఇంకా అప్పుడప్పుడు వస్తూనే ఉంటారు. రోజూ రెండు పూటలా ఆ నాలుగూ వాసన చూడమని, ముక్కుకు మళ్ళీ అలవాటు చేయమని చెబుతాను. ఇది నేను కాలేజీలో నేర్చుకున్నది కాదు. బందరులో నా మొదటి ఉద్యోగంలో హెడ్ నర్సు మెహరున్నీసా గారు నేర్పినది. నా వృత్తిలో గర్వంగా చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే, అది ఆవిడ దగ్గర రెండేళ్ళు పనిచేశాననే మాటే.

మాది నందివాడ. చదువు పూర్తయ్యి బందరులో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో చేరేసరికి కరోనా రెండో విడత తగ్గుముఖం పట్టింది. మొదటి రోజు పై అంతస్తుకు వెళ్ళే ర్యాంపు మధ్యలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, అందులో కళ్ళు మూసుకుని కూర్చున్న ఒక పెద్దావిడ కనిపించారు. తల మీద కప్పుకున్న లేత నీలం దుపట్టా. ఎవరో పేషెంటు తాలూకు మనిషి అనుకుని, "ఒంట్లో బాగాలేదాండీ? కిందికి తీసుకెళ్ళనా?" అని అడిగాను.

ఆవిడ కళ్ళు తెరిచి నవ్వారు. "నేనిక్కడ హెడ్ నర్సునమ్మా. కొత్త ఫిజియోవి నువ్వేనా? రెండు నిమిషాలాగు, కలిసి వెళ్దాం. ఇక్కడ కూర్చోకుండా ఎక్కానంటే రేపు డ్యూటీకి రాలేను."

అదే ఆసుపత్రిలో ఆవిడ కరోనాతో పన్నెండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి బయటపడ్డారని తర్వాత తెలిసింది. ఉద్యోగంలో ఉన్నవాళ్ళు తమ నీరసాన్ని దాచుకోవడమే నేను చూశాను. ఆవిడ మాత్రం అందరూ నడిచే దారిలో కుర్చీ వేయించుకుని కూర్చునేవారు. అలా కూర్చుంటేనే మిగతావాళ్ళకు చెప్పుకునే ధైర్యం వస్తుందనేవారు. అది నిజమే. ఆ కుర్చీ దగ్గర ఆగి, "సిస్టర్‌గారూ, నాక్కూడా ఇలాగే ఉంటోందండీ" అని చెప్పుకున్న వాళ్ళను నేను ఎంతమందినో చూశాను.

వాళ్ళందరూ నయమైందని ఇంటికి పంపించిన వాళ్ళే. నాలుగు మెట్లెక్కితే గుండె దడ, తెలిసిన మనిషి పేరు గుర్తుకు రాకపోవడం, పొద్దున లేస్తూనే అలసట. మా డాక్టరుగారు మంచి మనిషే గాని పరీక్షల్లో కనిపించని జబ్బును అంత త్వరగా ఒప్పుకునేవారు కాదు. "రిపోర్టులన్నీ నార్మలే సిస్టర్. భయం, అంతే. కొన్నాళ్ళకి అదే పోతుంది" అన్నారు.

"నా రిపోర్టులూ నార్మలేనండీ. అయినా నిన్న రౌండ్స్‌లో ఇరవై ఏళ్ళుగా ఇస్తున్న ఇంజక్షన్ పేరు నోటికి రాలేదు. మీరూ చూశారుగా. వారానికి ఒక్క మధ్యాహ్నం నాకో గది ఇప్పించండి. వాళ్ళు చెప్పేది వింటాను, అంతే" అన్నారావిడ.

అలా మొదలైంది గురువారం ఓపీ. ఆవిడ వినేవారు, రాసుకునేవారు. డాక్టరుగారు గుండె, ఊపిరితిత్తులు చూసి పంపిన వాళ్ళ చేత నేను వ్యాయామం చేయించేదాన్ని.

అక్కడే నేను తప్పు చేశాను. నాగాయలంక నుంచి వెంకటేశ్వరరావు అనే రైతు వచ్చేవాడు. నలభై ఏళ్ళ మనిషి, అన్నతో కలిసి రొయ్యల చెరువులు చేసేవాడు. కదలకుండా కూర్చోవడం వల్లే నీరసమని నా నమ్మకం. ఒక గురువారం అతను ఆగుతానంటున్నా, "ఇంకో రెండు రౌండ్లండీ, మీరు చేయగలరు" అంటూ నడిపించాను. అతను నవ్వుతూనే వెళ్ళాడు. మూడు రోజుల తర్వాత భార్య ఫోన్ చేసింది. మర్నాటి నుంచీ మంచం దిగలేదట, వెలుతురు కూడా భరించలేకపోతున్నాడట. నేను ఫోన్ పెట్టేసి, "ఆయనకి మనోధైర్యం తక్కువ సిస్టర్‌గారూ" అన్నాను.

ఆవిడ అతని ఇంటి గుర్తులు రాసుకున్నారు. "రేపు వెళ్ళి చూసొద్దాం, నువ్వూ రా" అన్నారు.

అవనిగడ్డలో బస్సు మారి మేము వాళ్ళింటికి చేరేసరికి పదకొండయింది. కిటికీలు మూసిన గదిలో అతను గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. సిస్టర్‌గారు మంచం పక్కన కూర్చుని, ఇంటిల్లిపాదీ వింటుండగా, "తప్పు మాది బాబూ. నీ ఒంటికి ఎంత చాలో తెలుసుకోకుండా నడిపించాం" అన్నారు. "మాది" అన్నారు గాని నా వైపు చూడలేదు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. వెంకటేశ్వరరావు మెల్లగా ఇటు తిరిగాడు. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు వెళ్ళిపోయింది.

అన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "చూడ్డానికి బాగానే ఉన్నాడు కదండీ. పని ఉన్నప్పుడే వీడికి నీరసం వస్తాది" అన్నాడు.

ఆవిడ వాదించలేదు. తమ్ముడి వేలికి ఆక్సీమీటరు పెట్టి, తాను భుజం పట్టుకుని నెమ్మదిగా లేపి నిలబెట్టారు. ఎనభైలో ఉన్న నాడి చూస్తుండగానే నూట నలభై దాటింది. వెంటనే అతన్ని పడుకోబెట్టి, అదే పరికరం అన్న వేలికి పెట్టి, కూర్చుని లేవమన్నారు. అతని నాడి తొంభై కూడా చేరలేదు.

"మీరు చెరువు గట్టంతా పరిగెడితే గుండె ఎలా కొట్టుకుంటుందో, ఈయనకి లేచి నిలబడితేనే అలా కొట్టుకుంటోంది. బద్ధకం కాదండి ఇది" అన్నారు.

అన్న ఆ అంకె కేసి చాలాసేపు చూశాడు. "మరి ఇన్నాళ్ళూ వీణ్ణి అందరి ముందూ తిట్టానండీ" అన్నాడు నెమ్మదిగా. తర్వాత తమ్ముడి కాళ్ళ దగ్గర కూర్చుని, "గట్ల మీదికి నేనెళ్తాలేరా. నీకు ఓపికున్నప్పుడు మేత సంగతి చూడు, చాలు" అన్నాడు.

తిరుగు బస్సులో సిస్టర్‌గారి పెదాలు తెల్లబడిపోయాయి. కిటికీకి తల ఆనించి కూర్చున్నారు. ఈ ప్రయాణం ఆవిడ ఒంటికి ఎంత భారమో నాకప్పుడు తట్టింది. "ఇలా అవుతుందని మీకు ముందే తెలుసా?" అని అడిగాను.

"తెలుసు. అందుకే వచ్చే నాలుగు రోజులూ సెలవు పెట్టే బయల్దేరాను" అన్నారు. కాస్త ఆగి, "అతను ఆగుతానన్నప్పుడు నువ్వు విన్నావు గాని నమ్మలేదు సుజాతా. అక్కడే వచ్చింది చిక్కు" అన్నారు. ఇంతకు మించి ఆవిడ నన్ను ఎన్నడూ మందలించలేదు.

వెంకటేశ్వరరావు కోలుకోవడానికి ఏడాదిన్నర పైనే పట్టింది. ఒక వారం రెండు నిమిషాల నడక, ఒంటికి పడితే మరో వారం మూడు. మునుపటి మనిషి కాలేదు గాని, సగం చెరువుల బాధ్యత మళ్ళీ తన చేతికి తీసుకున్నాడు.

సిస్టర్‌గారికీ అంతే, అన్నీ తిరిగి రాలేదు. వాసన పోయి ఏడాది దాటినా రోజూ డ్యూటీకి ముందు ఆ నాలుగు సీసాలూ పట్టుదలగా వాసన చూసేవారు. ఒక మధ్యాహ్నం నడవాలో ఉన్నట్టుండి ఆగి, "ఇక్కడేదో ఒలికిందా?" అని అడిగారు. ఇప్పుడే ఫినాయిలుతో తుడిచారని చెప్పాను. గోడ పట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చారు. కళ్ళు చెమర్చాయి. అంతలోనే నవ్వు. "రంజాన్ నెలంతా సేమ్యా వేయిస్తూ నెయ్యి వాసన కోసం ఎదురుచూశాను. అల్లా నాకు ముందు పంపింది ఫినాయిలు" అన్నారు. ఆ పూట వార్డంతా నవ్వింది.

ఆవిడ రిటైరైన రోజు డాక్టరుగారు మైకు పట్టుకుని, "గురువారం ఓపీకి వచ్చేవాళ్ళది భయమే అన్నది నేనే. ఆవిడ వినకపోవడం మా అదృష్టం. పేషెంటు చెప్పేది పూర్తిగా వినడం నేను ఈ వయసులో ఆవిడ దగ్గర నేర్చుకున్నాను" అన్నారు. హాల్లో కోడూరు నుంచి, నాగాయలంక నుంచి పొద్దున్నే బస్సులెక్కి వచ్చిన వాళ్ళు లేచి నిలబడ్డారు. నిలబడలేని వాళ్ళు కూర్చునే చప్పట్లు కొట్టారు. ఆవిడ దుపట్టా సర్దుకుని తల వంచుకున్నారు. నేను మాత్రం, ఆవిడ మా సిస్టర్‌గారని పక్కనున్న ప్రతివాళ్ళకూ చెప్పుకున్నాను.

కిందటి నెల నా దగ్గరికి ఒక స్కూలు టీచరు వచ్చింది. జ్వరం తగ్గి చాలాకాలమైనా బోర్డు దగ్గర పది నిమిషాలు నిలబడలేకపోతోంది. చాలా తేలికైన వ్యాయామం చేయించి పంపాను. మర్నాడు ఫోన్ చేశాను, ఆ మర్నాడూ చేశాను. రెండోరోజు ఆమె గొంతు నీరసంగా వినిపించింది.

"నిన్నటి నుంచి లేవలేకపోతున్నానండీ. మీరేమనుకుంటారోనని చెప్పలేదు."

"తప్పు నాదండీ. ఈసారి అందులో సగమే చేద్దాం" అన్నాను.

"ఇన్నాళ్ళలో ఈ మాట అన్న మొదటి మనిషి మీరే. ఎక్కడ చదివారండీ మీరు?" అంది.

నేను కాలేజీ పేరు చెప్పలేదు. బందరులో, మెహరున్నీసా గారి దగ్గర అన్నాను.