నిలబెట్టి చూడని జబ్బు

ఆ కుట్టు ఫ్యాక్టరీలో అందరూ ఆమెను చెకింగక్క అంటారు. కుట్టిన చొక్కాను బొమ్మకు తొడిగి లోపాలు పట్టడం ఆమె పని. బల్ల మీద పరిస్తే ఏ చొక్కా అయినా బాగానే కనిపిస్తుందని, తొడిగితేనే బండారం బయటపడుతుందని కొత్తగా చేరినవాళ్లకు నూరిపోసేది.

తొమ్మిదేళ్లుగా ఆమె కడుపు ఆమె మాట వినడం లేదు. నాలుగు ముద్దలు తింటే చాలు, పొట్ట ఉబ్బిపోయేది, మొహం ఎర్రబడి దద్దుర్లు లేచేవి. ఒకరోజు విరేచనాలు, మూడు రోజులు మలబద్ధకం. కాసేపు నిలబడితే గుండె దడ, కళ్లు బైర్లు. ఎన్ని ఆసుపత్రులు తిరిగినా మంచం మీద పడుకోబెట్టే చూశారు. అన్నీ నార్మలే! ఒకాయన గ్యాస్ అన్నాడు, ఇంకొకాయన టెన్షన్ అన్నాడు. పని ఎగ్గొట్టే ఎత్తని అత్తగారు తేల్చేసింది. ఒళ్లు మండిపోదూ?

సూపర్‌వైజర్ అందరి ముందే అరిచాడు. "బాత్రూమ్‌లో కాపురం పెట్టావా? ఈ నటనలు నా దగ్గర కాదు. నెలాఖరులోగా జబ్బేమిటో డాక్టర్ చేత రాయించుకురా, లేదంటే మానెయ్."

కొత్త డాక్టరమ్మ కూడా మంచం చూపించి పడుకోమనేసరికి చెకింగక్కకు కోపం ఆగలేదు.

"పడుకుంటే బాగానే ఉంటానండీ! చొక్కానైనా తొడిగి చూస్తాం. నన్ను నిలబెట్టి చూడరేం?"

డాక్టరమ్మ నొచ్చుకోలేదు. పడుకోబెట్టి నాడి చూస్తే డెబ్బై ఆరు. పది నిమిషాలు నిలబెట్టి చూస్తే నూట ఇరవై ఎనిమిది.

"గుండెనీ పేగుల్నీ వాటంతటవే నడిపించే నరాలుంటాయమ్మా. అవి తడబడుతున్నాయి. దడకీ కడుపు బాధకీ అదే కారణం కావచ్చు. మాస్ట్ కణాలని ఒంట్లో కాపలా కణాలుంటాయి, అవి కూడా ఊరికే గగ్గోలు పెడుతున్నాయేమో. దద్దుర్లు లేచిన వెంటనే రా, రక్తం తీసి చూద్దాం."

"నటన కాదు కదండీ?"

"కాదమ్మా."

మర్నాడు సూపర్‌వైజర్ డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం చదివి మెత్తబడ్డాడు. "ముందే చెప్పొచ్చుగా అక్కా. స్టూలు వేయిస్తాలే," అంటూ అప్పటికప్పుడే ఒకటి తెప్పించి ఆమె పక్కన వేయించాడు.

"తొమ్మిదేళ్లుగా చెబుతూనే ఉన్నాను సార్. మీరే నటన అన్నారు. ఇంతమంది ముందు అన్నారు, ఇంతమంది ముందే కాదనండి."

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఆయన ఏదో గొణిగాడు.

"గట్టిగా అనండి."

"నటన కాదు," అన్నాడు, వరస చివరిదాకా వినబడేలా.

అప్పుడు కూర్చుంది. కూర్చున్నాకే ఏడుపొచ్చింది.