క్లైస్ట్రాన్ బెంచి మీద దొంగ అంకెలు

తొంభైల మొదట్ల నిజామాబాద్‌ల ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌ల లెక్చరర్ పనికి చేరిన. ఇంట్ల అవ్వ ఇంకా బీడీలు చేస్తుండె. నన్ను మైక్రోవేవ్ ల్యాబుకు వేసిండ్రు.

అక్కడ క్లైస్ట్రాన్ బెంచి ఒకటి ఉండె. క్లైస్ట్రాన్ అంటే లోపల గాలి లేని, అరచేతిల పట్టే ట్యూబు. దాంట్ల ఎలక్ట్రాన్లను ఉరికించి వెనక్కి మళ్లిస్తే మైక్రోవేవ్ తరంగాలు పుడతయి. పక్కనున్న స్క్రూ తిప్పితే లోపలి సందు మారి, ఫ్రీక్వెన్సీ మారుతది. ఎంత తిప్పితే ఎంత మారిందో చూసి రాసుడే పిల్లల ప్రయోగం.

మొదటి రోజు నేను స్క్రూ ఎంత తిప్పినా మీటరు ముల్లు కదలలే. ట్యూబు కాలిపోయి మూడేండ్లయిందని అటెండరు చెప్పిండు. మరి రికార్డులల్ల అంకెలు ఎక్కడియని అడిగిన. సీనియర్లయి చూసి ఎక్కించుకుంటరన్నడు. పాత రికార్డులు తీసి చూసిన. అన్నిట్ల అదే పట్టిక, అదే గ్రాఫు. ఎవరో ఒకప్పుడు తప్పు రాసిన అంకె గూడ ఏటేటా అట్లనే దిగివచ్చింది. ప్రతి పేజీ కింద మా హెడ్ సారు సంతకం.

కొత్త ట్యూబు బీరువాల ఉన్నది. సారు తియ్యనియ్యడు. వాడితే కాలిపోతది, కాలిపోతే మేనేజ్‌మెంటుకు జవాబెవరు చెప్పాలె అంటడు.

సారు వారం సెలవు పెట్టినప్పుడు బీరువా తాళంచెవి నా చేతికొచ్చింది. మాన్యువల్ రెండుసార్లు చదివి, ట్యూబు బిగించి, ఫ్యాను పెట్టి, వోల్టేజి మెల్లగ పెంచిన. నవీపేట్ నుంచి వచ్చే పసుపు రైతు బిడ్డ ఫ్రీక్వెన్సీ మీటరు తిప్పుతుంటే ఒకచోట ముల్లు గభాలున దిగింది. ఎక్కడ దిగితే అదే ట్యూబు ఫ్రీక్వెన్సీ. స్క్రూ కొంచెం తిప్పితే ఆ దిగే చోటు జరిగింది. ఆ పిల్ల మళ్ల తిప్పింది, మళ్ల జరిగింది. క్లాసంత బెంచి చుట్టు మూగి, కొత్త అంకెలు రికార్డులల్ల రాసుకున్నరు. ఇంటికి పోయే బస్సు సంగతి గూడ ఎవరికీ యాదికి లేదు.

సారు వచ్చి రికార్డులు చూసిండు. అంకెలు పాతయాటితోని కలువలే. ట్యూబు తీసి బీరువాల పెట్టి తాళం వేసిండు.

"పోయినేడు గట్ల, ఈయేడు గిట్ల ఎందుకున్నయని ఎగ్జామినర్ అడిగితే మీరు చెప్తరా మేడం? పాతయే రాయిపియ్యుండ్రి."

అవి దొంగ అంకెలు సార్ అన్న.

"మార్కులు దొంగయి కావు గద" అన్నడు, టీ తాగుకుంట.

ఆయన మొఖం చూడబుద్ధి కాలే. గంట తర్వాత నా మొఖమే నాకు చూడబుద్ధి కాలే. నా నౌకరి ఇంకా పర్మినెంటు కాలే. అందుకే నేనే క్లాసుకు పోయి, కొత్త పేజీలు చింపి పాతయి ఎక్కించుకోమన్న. అందరు చింపిండ్రు. నవీపేట్ అమ్మాయి చింపలే.

"ముల్లు దిగింది నేను చూసిన మేడం. మీరు గూడ చూసిండ్రు."

నేను బోర్డు దిక్కు తిరిగిన.

పరీక్ష నాడు కాలిపోయిన ట్యూబే బెంచికి బిగించి పెట్టిండ్రు. ఎగ్జామినర్ దాని దిక్కు గూడ చూడలే. బిర్యానీ తిని, నూనె చేతులతోనే మార్కుల కాగితం మీద సంతకం పెట్టిండు. రికార్డు దిద్దలేదని ఆ పిల్లకొక్కదానికే మార్కులు కోసిండ్రు.

ఎండకాలం బస్టాండుల ఆ పిల్ల ఎదురువడ్డది. నన్ను సక్కగ చూసింది, నమస్తే పెట్టలే. బస్సెక్కి కిటికీ పక్కన కూసున్నది. ఆమె జాగల నేనుంటే నేను గూడ పెట్టకపోదును.