ముందు సీటు స్పీకర్లు

మునిరత్నం వాషర్‌మెన్‌పేట్‌లో ఒక బట్టల వ్యాపారి ఇంట్లో ఇరవై ఏళ్లుగా డ్రైవరు. జీతం పెంచమన్నప్పుడల్లా యజమానురాలు వైదేహమ్మ, "నువ్వు మా ఇంటి మనిషివి గదప్పా" అంటుంది. మిగతా వేళల్లో ఆ మాట వినపడదు.

ఆ ఇంటి పాత కారులో వెనక స్పీకరు గరగరమంటోందని ఆమె అతణ్ని మెకానిక్కు దగ్గరికి పంపింది. ముందు స్పీకర్లు ఏనాడో మూగబోయాయి. పనిలో పనిగా వాటినీ చూడమన్నాడు మునిరత్నం. మెకానిక్కు చంద్రు తలుపు లోపలి అట్ట విప్పాడు.

"ఎలక కొరికింది కాదన్నా. ఎవురో వైర్లు కత్తిరించి, టేపు గూడా చుట్టినారు."

కలిపించమంటారా అని మునిరత్నం వైదేహమ్మకు ఫోన్ చేశాడు.

"వద్దప్పా, నేనే తీయించినా," అందామె మామూలుగానే. "కార్లో ఫోన్ మాట్లాడితే అవతలోళ్ల మాటంతా స్పీకర్లలోనే గదా వచ్చేది. ముందర నువ్వుంటావే."

పక్కనే ఉన్న చంద్రుకీ ఆ మాట వినపడింది. ఫోన్ కట్టయ్యాక నవ్వేశాడు. "వెనక మోగితే ముందుకు వినపడదా అన్నా?"

"ఎందుకు వినపడదు? కొడుకుల కొట్లాట, కోడలి ఏడుపు, అన్నీ విన్నా. ఒక్క మాటన్నా బయట పెట్టినానా?"

మునిరత్నం వైర్ల కొసలను తన చేత్తోనే తలుపులోకి తోసేశాడు.

"వెనకది బాగుచెయ్యి. ఆయమ్మకు వినపడితే చాల్లే."