తొమ్మిది నిమిషాల ఆగుడు

బుచ్చన్న ఇరవై రెండేళ్లుగా బొగ్గు టిప్పర్లు నడుపుతున్నాడు. గోదావరిఖని ఓపెన్‌కాస్టు గని నుంచి బొగ్గు రైలుకెక్కించే సైడింగు దాకా కళ్లు మూసుకుని నడపగలడని తోటి డ్రైవర్లు అనేవారు. 2012 ఎండాకాలంలో కాంట్రాక్టరు రఘుపతి బండ్లన్నిటికీ జీపీఎస్ డబ్బాలు పెట్టించాడు. బండి ఎంత వేగంతో పోతోంది, ఎక్కడ ఎంతసేపు ఆగింది, అన్నీ ఆఫీసు కంప్యూటర్లో పడతాయి.

ఆనాటి నుంచి బుచ్చన్నకు సీట్లో కుదురు లేదు. దారిలో అలీముద్దీన్ మందుల దుకాణం ఉంది. రోజూ మధ్యాహ్నం తిండికి ముందు అక్కడ ఆగి, దుకాణం ఫ్రిజ్‌లో దాచుకున్న ఇన్సులిన్ వేసుకుంటాడు. రెండేళ్లుగా అలీముద్దీన్‌కు తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. షుగరని తెలిస్తే స్టీరింగు చేతికివ్వరని భయం. భార్య అనసూర్యకు కూడా చెప్పలేదు.

పది రోజులు కాకముందే ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. కంప్యూటరు ముందు కూర్చునే సంధ్యారాణి కాగితం చూపించింది. రోజూ ఒకే చోట తొమ్మిది నిమిషాలు.

"గా పక్కకే దొంగ డీజిల్ కొనే షెడ్డుంది. ఎన్ని లీటర్లు అమ్ముతున్నవ్ బుచ్చన్నా?" రఘుపతి నలుగురు డ్రైవర్ల ముందే అడిగాడు.

బుచ్చన్న కాగితం మీంచి తల ఎత్తలేదు. "గిదంత ఎవరెవరు చూస్తరు బిడ్డా?"

"నేను, సారు. హైదరాబాద్‌ల డబ్బాలోళ్లు గూడ చూస్తరు కాకా," నెమ్మదిగా అంది సంధ్యారాణి.

దొంగ అనిపించుకోవడం అతని వల్ల కాలేదు. చొక్కా ఎత్తి పొట్ట మీది సూది మచ్చలు చూపించాడు. "షుగరు సారూ. డీజిల్ చుక్క ముట్టలే."

రఘుపతి మొహం తిప్పుకున్నాడు. "ముందుగాల చెప్పద్దా? రేపటి సంది టిప్పరు వద్దు. యార్డుల నీళ్ల ట్యాంకరు నడుపు."

బయట చాయ్ కొట్టు దగ్గర అప్పుడే ఒకడు, "షుగరెంతుంది కాకా?" అన్నాడు. తనకన్నా ముందు ఆ మాట ఇల్లు చేరుతుందేమోనని బుచ్చన్న ఉరుకుల పరుగుల మీద ఇంటికి పోయాడు. అనసూర్య బియ్యం ఏరుతోంది. నిలబడే అంతా చెప్పాడు.

"రెండేండ్లు నాకు చెప్పనోనివి, గంతమంది ముంగట చెప్పినవా?"

వాళ్లే చెప్పించుకున్నారని అనబోయి, ఆమె పక్కన కూర్చుని బియ్యం ఏరసాగాడు.

వారం తర్వాత ఓ మధ్యాహ్నం ఆమె అన్నం గిన్నె, చల్లనీళ్ల ఫ్లాస్కులో ఇన్సులిన్ సీసా పట్టుకుని యార్డు గేటు దగ్గరికొచ్చింది.

"ఎట్ల ఎయ్యాలెనో నాకు సూపెట్టు," అంది.

షిఫ్టు దిగినవాళ్లు గేటు దాటుతున్నారు. బుచ్చన్న అటూ ఇటూ చూసి, ఆమెను వెంటబెట్టుకుని ట్యాంకరు చాటుకు నడిచాడు.