ఓటీ చేసిన మూడు నెలలు

నిన్న పొద్దున సచివాలయం నుంచి ఒక అమ్మాయి సర్వేకని వచ్చి, ఫోన్‌లో చూసుకుంటూ, మీ కోడలు పనిచేసే చోట ఓటీ ఉంటుందా, అదనపు గంటలకు డబ్బులిస్తారా అని అడిగేసరికి, మంచినీళ్లిద్దామని లేచినదాన్ని అట్లాగే నిలబడిపోయాను. అంత మెత్తగా అడిగే ప్రశ్న వెనక ఏముంటుందో నాకు తెలుసు. తెలియదని చెప్పి పంపేశాను.

రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో నేనూ మా తోటికోడలూ పక్కపక్క మిషన్ల మీద కూర్చునేవాళ్లం. వానల్లేక చేలు బీడుపడ్డాక మా రెండు కుటుంబాలకూ ఆ కుట్టుపనే ఆధారం. మా ఇంటాయనకు గుండె ఆపరేషన్ చేయాలని అనంతపురం డాక్టర్లు రాసిచ్చిన ఏడాదే, పెద్ద ఆర్డరొచ్చి మూడు నెలలు వరసగా ఓటీ పడింది. దారి ఖర్చులకూ మందులకూ పనికొస్తుందని, నడుములు పడిపోతున్నా ఇద్దరం ఒక్కరోజు మానకుండా చేశాం. తీరా ఆస్పత్రికి పోయేముందు చూస్తే, ఆదాయం ఎక్కువైందని మా బియ్యం కార్డు తీసేశారు. ఆ కార్డు ఉంటేనే ఆపరేషన్ ఉచితం.

మా ఓటీ సంగతి ఎవరో ఆఫీసులో చెప్పి ఉంటారనుకున్నాను. నా జీతం సంగతి తెలిసిన మనిషి తోటికోడలు ఒక్కతే. పైగా ఆ నెలంతా ఆమె నా మొహం చూడకుండా కుట్టుకుంటోంది, అన్నం గిన్నె పట్టుకుని వేరే వరసలోకి పోతోంది. ఇంకేం సాక్ష్యం కావాలి? నేనూ మాట మానేశాను. చివరికి మండలాఫీసుకు పోయి, చెప్పిందెవరో పేరు బయటపెట్టమని గుమాస్తాను నిలదీస్తే, ఆయన విసుక్కోకుండా కంప్యూటర్ నా వైపు తిప్పాడు.

"ఎవురూ చెప్పలేదమ్మా. మీ కంపెనీ ఎక్కించిన జీతమే ఈడ కనపడతాండాది. ఓటీ లేని నెలల జీతం చీటీలు తెచ్చి అర్జీ పెట్టుకో."

ఆ సాయంత్రం సిగ్గు చంపుకుని తోటికోడలి ఇంటికి పోయి, ఆమెను అనుమానించిన సంగతితో సహా అంతా చెప్పేశాను. ఆమె గోడకు చేరగిలబడింది.

"నా కార్డూ పోయినాదక్కా. నువ్వే చెప్పినావనుకుంటి."

ఇద్దరం కలిసి అర్జీలు పెట్టాం. ఎన్నిసార్లు తిరిగామో! కార్డులొచ్చాయి, ఆలస్యంగానైనా ఆపరేషనూ అయింది, ఆయన ఇప్పుడు అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. ఆమెతో మాటలూ కలిశాయి. మా చిన్నతనంలో చేలకు కూలికి పోయిన ఆడవాళ్లు, పని ఎక్కువ దొరికిన రోజున దారంతా గట్టిగా నవ్వుకుంటూ వచ్చేవారు. ఎవరికెంత ముట్టిందో వీధి వీధంతటికీ తెలిసేది, దాచుకోవాలని ఎవరికీ తోచేది కాదు. ఇప్పుడు మా కోడలు ఓటీ చేసి ఇంటికొస్తే, ఆ మాట పక్కింటికి వినపడకుండా తలుపు వేస్తున్నది నేనే.