విమానాన్ని దాటిన రాగం

నా సైకిల్ హ్యాండిల్ మీద కుడిచెయ్యి వేసి చెబుతున్నాను: ఇందులో ఒక్క అక్షరం కూడా కల్పన కాదు. నన్ను ఎరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారని తెలుసు. నవ్వనివ్వండి. గోదావరిలో పులస చేప నాతో మాట్లాడిందని చెప్పినప్పుడు కూడా నవ్వారు.

మాది గోదావరి గట్టు. శంషాబాద్ వచ్చి స్టీలు సామాన్ల కొట్టు పెట్టుకుని చాలా ఏళ్లయింది. ఇక్కడ నాకు దొరికిన స్నేహితుడు మంఖాల్ దగ్గరి పల్లెలో బంతిపూలు, టమాటా పండించే రైతు. సుగరు తగ్గాలంటే సైకిల్ తొక్కమని నాకు డాక్టరు చెప్పాడు. అతనికి ఏ డాక్టరూ చెప్పలేదు. అయినా తెల్లవారేసరికి ఒక పాత సైకిల్ వేసుకుని నాకంటే ముందే వచ్చి నిలబడేవాడు. ఎందుకో చాలాకాలం నాకు తెలియలేదు.

దారి పొడుగునా మా ఇద్దరికీ నదుల మీద పోట్లాట.

"మా ఊళ్లో గోదావరి వీధిలోకొచ్చి, ఎవరింట్లో ఏం వండారో కనుక్కుని మరీ వెళ్లేది తమ్ముడూ. నది ఒడ్డున ఊరంటే అదీ. ఈ హైదరాబాద్ కూడా నది ఒడ్డు నగరమేనంటే ఎలా నమ్మమంటావు?"

"మూసీ లేదా అన్నా?"

"ఉంది. వంతెన మీద కంపుకి కారు అద్దాలు ఎత్తుకుని దాటేస్తాం, అదేగా?"

"అద్దాలు ఎక్కించింది మీరు. నదేం జేసింది? మీ గోదారి పక్కకు ఊర్లున్నయి. మా మూసీ ఉన్నదనే గీ ఊరు పుట్టింది. జర ఇజ్జత్ ఇయ్యి."

ఈ వాదన ఎటూ తేలకముందే పహాడీ షరీఫ్ ఎత్తు వచ్చేసేది. నేను దిగి సైకిల్ నడిపించుకునేవాణ్ని. అతను సీటు మీద నుంచి లేచి తొక్కుతూ రాగం ఎత్తుకునేవాడు. బాగోతంలో రాజు సభకు వచ్చేటప్పుడు తీసే రాగం అది. కింద మొదలుపెడితే పైకి చేరేదాకా తెగకూడదని అతని పట్టు. సగంలో దగ్గు వచ్చిందా, వెనక్కి జారుకుంటూ వచ్చి మళ్లీ మొదలు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఇంట్లో పాడుకోవచ్చుగా? ఇక్కడ నీకేమన్నా అయితే మోసుకెళ్లడం నా వల్ల కాదు."

"ఇంట్ల బాపు ఉంటడన్నా. ఇంటడు."

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. వాళ్ల ఊళ్లో కోతలయ్యాక రైతులే వేషాలు కట్టి, బడి ముందు మైదానంలో బాగోతం ఆడతారు. రాజు వేషం ఎప్పుడూ వాళ్ల నాన్నదే. విమానాశ్రయం వచ్చాక విమానాలు ఊరి నెత్తి మీదుగా దిగడం మొదలైంది. ఊరివాళ్లు దానికో పద్ధతి కనిపెట్టారు. మోత దగ్గరికి రాగానే మద్దెల ఆగుతుంది, ఆడేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ బొమ్మల్లా నిలబడిపోతారు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంటుంది. విమానం వెళ్లాక ఆగిన మాట దగ్గర నుంచి మళ్లీ అందుకుంటారు. చూసేవాళ్లకూ అలవాటైపోయింది. ఆ సందులో బీడీలు ముట్టించుకుంటారు, పిల్లల ముక్కులు తుడుస్తారు.

రాజు వేషం కట్టే ముసలాయన ఒక్కడే ఒప్పుకోలేదు. నోరు మూసుకుని నిలబడేవాడు రాజెట్లయితడని గజ్జెలు విప్పి చిలక్కొయ్యకు తగిలించేశాడు. తరవాత ఏదో జబ్బు చేసి ఆయన గొంతే పోయింది. గుసగుస తప్ప మాట పైకి రాదు. ఇప్పుడు కొడుకు రాజు వేషం కడతానంటే ఆ గుసగుసతోనే షరతు పెట్టాడు. విమానం కింద రాగం తెగకుండా పాడితే గజ్జెలు నీవి, తెగితే నాతోపాటే పోతయి అని.

"గజ్జెలదేముంది తమ్ముడూ, బజారులో దొరుకుతాయి. నేను కొనిస్తాను."

"కొన్నయి కాళ్లకొస్తయన్నా. బాపు ఇస్తెనే నేను రాజునైత."

ఆ మర్నాటి నుంచి నేను కూడా ఎత్తు దగ్గర దిగడం మానేశాను. సగం దాకా తొక్కి, పక్కకు ఆగి, అతని రాగం ఎక్కడ తెగుతుందో చూసి చెప్పేవాణ్ని.

కొన్నాళ్లకు ఊపిరి కుదిరింది. మరి మోత సంగతి? ఊళ్లోనే విమానం కింద సాధన చేస్తే ముందే అందరూ వినేస్తారు. ఆ ఏడు వానలు ముదిరి, మూసీకి నీళ్లొదిలే హిమాయత్ సాగర్ చెరువు గేట్లు ఎత్తారు.

"పా అన్నా, మా నదిని సూపిస్త," అన్నాడు.

పోలీసులు కట్టిన తాడుకు ఇవతల, రోడ్డు పక్కన సైకిళ్లు ఆనించి నిలబడ్డాం. గేట్ల కింద నుంచి ఎర్రనీళ్లు మూసీ వైపు దూకుతున్నాయి. తుంపర మా మొహాల దాకా వస్తోంది. కాళ్ల కింద నేల సన్నగా వణుకుతోంది. నిన్నమొన్నటిదాకా నేను ఎగతాళి చేసిన నది ఇదేనా అని నోరు తెరుచుకుని ఉండిపోయాను. ఒక నది ముందు నిలబడి నాకు ఒక్క అబద్ధం కూడా తట్టకపోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

"ఏందన్నా, సప్పుడు చేస్తలేవు? మీ గోదారి ఇంటింటికొచ్చి కూరలడుగుతదంటివి. ఇదేమడుగుతదో జెప్పు జర."

"ఇది అడగడానికి రాలేదు తమ్ముడూ."

అతను నవ్వి, నీళ్ల వైపు తిరిగి రాగం ఎత్తాడు. నోరు తెరిచి ఉంది, మెడ నరాలు ఉబ్బాయి, నాకు మాత్రం ఏమీ వినపడలేదు.

"ఇనవడ్డదా?"

"లేదు."

నన్ను ఇంకొంచెం దగ్గరికి జరిపి నిలబెట్టాడు. మళ్లీ పాడాడు. గేట్లు ఎత్తి ఉన్నన్ని రోజులూ అదే పని. చివరికి ఒక పొద్దున ఆ హోరు అడుగు నుంచి సన్నటి దారంలాంటిదేదో నా చెవికి తగిలింది. తల ఊపాను. అతను తాడు పట్టుకుని కింద కూర్చుండిపోయాడు.

కోతలయ్యాయి. బాగోతం నాటి సాయంత్రం ఇంకా వెలుతురు ఉండగానే మైదానం నిండిపోయింది. ముసలాయన ముందువరసలో వేసిన కుర్చీ వద్దని, పక్కనున్న ట్రాక్టర్ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. ఒళ్లో తువ్వాలు, తువ్వాల్లో గజ్జెలు. నేను ఆయన వెనక నిలబడ్డాను.

ఇద్దరు మనుషులు తెర పట్టుకున్నారు. తెర వెనక మద్దెల మోగింది. ఎవరివో ఎరువు తెచ్చుకున్న గజ్జెలతో నా స్నేహితుడు తెర దించుకుని వచ్చి రాగం ఎత్తాడు. అప్పుడే పహాడీ షరీఫ్ వైపు ఆకాశంలో ఒక దీపం కనిపించి, పెద్దదవుతూ వచ్చింది. అలవాటు కొద్దీ మద్దెల ఆగింది. మంత్రి వేషం చెయ్యి ఎత్తినట్టే ఆగింది. జనం బీడీల కోసం జేబులు తడుముకున్నారు.

అతను ఆగలేదు. విమానం మా నెత్తి మీదకు వచ్చి మైదానాన్ని మోతతో కప్పేసింది. నాకు కనిపిస్తున్నది తెరిచిన నోరు, మెడ నరాలు మాత్రమే. తెగిందో లేదో చెప్పడం నా వల్ల కాలేదు. తర్వాత ఎవరో దుప్పటి మెల్లగా లాగేసినట్టు మోత పక్కకు జరిగింది. దాని కింద, తెగకుండా, అదే ఎత్తులో, రాగం నిలబడి ఉంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముట్టించిన అగ్గిపుల్లలు వేళ్లు కాల్చేదాకా ఎవరికీ స్పృహ లేదు.

ముసలాయన లేచాడు. పోయిన గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో, కొడుకు ఆపిన చోట అందుకుని ఆ రాగాన్ని పూర్తిగా పాడాడు. "ఇగ రాజు వచ్చిండు" అన్నాడు. ఊరంతా విన్నది.

ఒట్టు వేశాను కాబట్టి చెప్పాలి. ఎత్తు నిజం, నది నిజం, విమానం నిజం. ముసలాయన గొంతు ఒక్కటే నేను కల్పించింది. ఆయన పాడలేదు, ఒక్క మాట కూడా అనలేదు. నేను ఈ కథ ఇలా చెప్పినప్పుడల్లా నా స్నేహితుడు పక్కనే ఉండి కూడా కాదనడు. జరిగింది ఇంతే. ఆయన మైదానం మధ్యకు నడిచి వెళ్లి, కొడుకు కాళ్ల దగ్గర కూర్చుని, ఎరువు గజ్జెలు విప్పి తనవి కట్టడం మొదలుపెట్టాడు. రెండో కాలికి కడుతుండగా ఇంకో విమానం వచ్చింది. అందరూ ఆగిపోయారు. ఆయన చేతులు మాత్రం ముడి వేస్తూనే ఉన్నాయి.